వెనక్కి తిరిగిన మీటరు

సబ్‌జైలు వరండాలో గోడగడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. వెంకట్రాజుకి ఇచ్చిన వ్యవధి ఇరవై నిమిషాలు. అందులో అయిదు నిమిషాలు వార్డరు తాళంచెవి వెతుక్కోవడానికే సరిపోయాయి.

ముత్యాలమ్మ నేల మీద గొంతుక్కూర్చుంది. బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు. నలభై అయిదేళ్ళుంటాయి. ఆకివీడు అవతల కొల్లేటి లంకలో ఇల్లు. ఇరవై ఏళ్ళుగా పడవలో ఏలూరు వచ్చి, బుట్ట నెత్తిన పెట్టుకుని సందు సందూ తిరిగి చేపలమ్ముకున్న మనిషి. ఇప్పుడు చేపల్లో విషం పెట్టి ఆరుగురిని చంపిన కేసులో ముద్దాయి.

మార్చి మూడో తేదీ తెల్లవారిన కాసేపటికే గాజులవారి సందులో వాంతులు మొదలయ్యాయి. చీకటి పడేలోగా ఆరు శవాలు లేచాయి. మొదట కలరా అన్నారు. మద్రాసు నుంచి రసాయన పరీక్ష రిపోర్టు వచ్చాక, కలరా కాదు, తెల్ల పాషాణం అన్నారు. ఆ మర్నాడే ముత్యాలమ్మనీ, ఆమె తమ్ముడు సూర్రావునీ పట్టుకున్నారు.

"సందులోకి ఎన్నింటికి వెళ్ళావమ్మా?" అని అడిగాడు వెంకట్రాజు.

"ఏడు గంటల మిల్లు కూత అయ్యాకండి, బాబుగారూ."

"అప్పటికి సందులో ఎలా ఉంది?"

"ఏడుపులండి. ఒక ఇంట్లోంచి కాదు, నాలుగైదిళ్ళ లోంచి. బుట్ట దింపకుండానే వెనక్కి వచ్చేశానండి."

"ముందు రోజు అమ్మావా?"

"గాలి రేగి పడవ కదల్లేదండి. అంతకు ముందు రోజు వచ్చాను. ఆ రోజే గదండీ గొడవైంది."

"సందువాళ్ళు నీ బుట్ట కాలవలో పారబోశారట."

"ఆయ్. కుళ్ళిన చేపన్నారు. కుళ్ళలేదండి. కొరమేను బతికే ఉంది, మొప్పలాడుతున్నాయి."

"నువ్వేమన్నావు?"

ముత్యాలమ్మ తల వంచుకుంది. వేలితో నేల మీద ఏదో గీత గీసి మళ్ళీ చెరిపేసింది.

"మీ ఇంట దీపం పెట్టే దిక్కు లేకుండా పోను అన్నానండి. కోపంలో మా వైపు అందరం అంటామండి. పడవకి పడవ అడ్డమొచ్చినా అంటాం. ఇరవై ఏళ్ళల్లో ఎన్నిసార్లన్నానో. ఎవరికీ ఏమీ కాలేదు. ఈసారే..." అరచేత్తో నోరు తుడుచుకుంది. "నా నోరే చంపిందేమోనండి, బాబుగారూ."

"నోరు చంపదమ్మా. పాషాణం చంపింది. నీ తమ్ముడి పడవలో దొరికిన పొట్లం సంగతి చెప్పు."

"వలలు ఎలకలు కొట్టేస్తాయండి. వాటి కోసం తెచ్చుకున్నాడు. పోలీసులు తీసినప్పుడు కట్టిన దారం కట్టినట్టే ఉంది. విప్పనే లేదు."

ఆ మాట వెంకట్రాజు తన పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు. విప్పని పొట్లం ఆరుగురిని చంపదు. కాని కేసు కాగితాల్లో "సగం వాడిన పొట్లం" అని ఉంది. ఆ సగం ఎప్పుడు తగ్గిందో కాగితాలకే తెలియాలి.

వార్డరు దగ్గాడు. వెంకట్రాజు లేస్తుంటే ముత్యాలమ్మ చటుక్కున అతని పంచె అంచు పట్టుకుంది.

"తమ్ముణ్ణి చూశారాండీ?"

"టౌను స్టేషన్లో ఉంచారమ్మా. నన్ను చూడనివ్వడం లేదు."

"వాడిది దెబ్బలోర్చుకునే ఒళ్ళు కాదండి."

వెంకట్రాజు పంచె అంచు మెల్లగా విడిపించుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి ఇన్‌స్పెక్టరుగా దిగిపోయినవాడు. స్టేషన్లలో ఏం జరుగుతుందో తెలియని అమాయకుడేం కాదు. తాడేపల్లిగూడెంలో ఇంటిపట్టున కూర్చుని మోకాలి నొప్పికి ఆముదం రాసుకుంటున్న అతన్ని ఈ కేసులోకి లాగింది వకీలు సోమరాజు. ఏలూరులో బీదాబిక్కీ కేసులు ఫీజు లేకుండా వాదిస్తాడని పేరున్న మనిషి, మున్సిపల్ కౌన్సిలరు కూడాను. ముత్యాలమ్మ తరపున ఆయనే వకాల్తా వేశాడు. "ఇది అన్యాయం కేసండీ, వెంకట్రాజుగారూ. నిజం మీరు తవ్వండి, కోర్టులో నేను చూసుకుంటాను," అని స్వయంగా రైలెక్కి వచ్చి పిలిచాడు. ఎనిమిది రోజులుగా వెంకట్రాజు పగలల్లా తవ్వుతున్నాడు. ఆ రోజు తెలిసినదంతా సాయంత్రం ఉత్తరం రాసి సోమరాజు ఇంటికి పంపుతున్నాడు.

జైలు మెట్లు దిగుతూ ఆ ఎనిమిది రోజుల పంటనీ ఒకసారి మనసులో నెమరేసుకున్నాడు. ఎంత చూసినా చేతికందినవి రెండే గింజలు.

మొదటిది పాపమ్మ మాట. గాజులవారి సందు మొదట్లో పాలమ్ముకునే ముసలమ్మ ఆమె. ఆ రోజు వీధి కుళాయి దగ్గరికి అందరికన్నా ముందు వెళ్ళింది. "పాసింజరు కూత విని లేచానండి, అయిదూ నలభై. కుళాయి తిప్పితే నీళ్ళు సన్నగా, కాస్త తెల్లగా వచ్చాయి. కుడితిలో పోసి ఆవుకి పెట్టాను. నా వెనక పదిమంది బిందెలు పట్టుకున్నారు," అంది. ఆవు మధ్యాహ్నానికి కాళ్ళు బారజాపేసింది. ఒంట్లో బాగోక ఉపవాసమున్న పాపమ్మ బతికిపోయింది.

రెండోది మున్సిపాలిటీ వారి నీటి డైరీ నకలు. సోమరాజే సంపాదించి పంపాడు. అందులో మూడో తేదీ కింద ఫిట్టరు ఇమాం సాహెబు రాసిన మాట ఇది: రైలు గేటు దగ్గర మరమ్మతుకు అయిదుంబావుకి గాజులవారి సందు వైపు మెయిను గొట్టం మూశాను, ఆరున్నరకి తెరిచాను.

అయిదుంబావు నుంచి ఆరున్నర దాకా ఆ సందుకి చుక్క నీరు రాకూడదు. మరి అయిదూ నలభైకి కుళాయిలో వచ్చిన నీళ్ళు ఎక్కడివి?

*

పదిన్నరకి వెంకట్రాజు నిత్యానందం తోళ్ళ గోడౌనులో ఉన్నాడు. గాజులవారి సందుకి ఎగువన, వీధి కంటే మనిషెత్తు మెరక మీద కట్టిన గోడౌను అది. సందుకీ దానికీ ఒకటే మెయిను. తలుపు తెరవగానే వాసన గుప్పుమంది. కలరా పుకారు పుట్టిన ఉదయమే ఆ వరస కనెక్షన్లన్నిటికీ మున్సిపాలిటీ బిరడా కట్టేసింది. అప్పటినుంచీ పని ఆగిపోయి, తోళ్ళు కట్టలు కట్టలుగా పడున్నాయి.

నిత్యానందం బక్కపల్చటి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం వైపు కాక భుజం వైపు చూస్తాడు.

"చూసుకోండి. వకీలుగారు చెప్పారు కాబట్టి తలుపు తీశాను. దాచడానికేముంది?"

గోడ వారగా నాలుగడుగుల అరుగు మీద సున్నం గచ్చు చేసిన పెద్ద తొట్టి. సగానికి పైగా నీళ్ళున్నాయి. తోళ్ళకి పురుగు పట్టకుండా ముంచే నీళ్ళు.

"ఇందులో ఏం కలుపుతారు?"

"మందు."

"ఆ మందుకి పేరు లేదా?"

నిత్యానందం భుజం వైపు నుంచి నేల వైపు చూశాడు. "పాషాణమేనండి. అందరూ అదే కలుపుతారు. లైసెన్సుంది."

తొట్టి లోపలి గోడ మీద జానెడు ఎత్తున, నీటిమట్టానికి పైన, తెల్లటి గీత ఒకటి కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంది.

"ఇంత మేర నీళ్ళు ఏమయ్యాయి?"

"ఎండకి ఇగిరిపోయాయండీ. ఇరవై రోజులైంది కదా."

"ఎండకి ఇగిరితే రోజుకో సన్నగీత పడుతుంది. ఇదిగో, నీటి అంచుకి పైన వేలెడు మేర అలాగే ఉన్నాయి, వెంట్రుకల్లాగా. ఈ పై గీతకీ వాటికీ మధ్య జానెడు గచ్చు నున్నగా ఉంది. ఆ జానెడూ ఒక్క గంటలో దిగింది."

నిత్యానందం రెండడుగులు తలుపు వైపు జరిగాడు.

గోడకున్న కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి ఉంది. దాని రెండో కొస తొట్టి అడుగున మునిగి ఉంది.

"ఈ గొట్టం ఎప్పుడూ ఇలా నీళ్ళల్లోనే ఉంటుందా?"

"పైకి తీస్తే నేలంతా తడుస్తుందండీ."

"మూడో తేదీ తెల్లవారుజామున కుళాయి తిప్పి ఉందా, కట్టి ఉందా?"

"కూలీలు తొట్టి నింపుదామని తిప్పి వదిలేశారు. గంట చూసి, నీళ్ళు రాలేదని ఆరుంబావుకి కట్టేశారు."

"రాకపోవడం కాదు, నిత్యానందంగారూ. పోయాయి."

వెంకట్రాజు మీటరు గుంట మీది ఇనప మూత ఎత్తించి, నొప్పి మోకాలిని నేలకి ఆన్చి లోపలికి తొంగిచూశాడు. వీధి లోంచి వచ్చిన గొట్టం, దానికి మీటరు, మీటరు దాటాక జానెడు గొట్టపు ముక్క. మిగతా గొట్టమంతా తుప్పుపట్టి నల్లగా ఉంటే ఆ జానెడు ముక్క మాత్రం కొత్త ఇనుములా మెరుస్తోంది. మరల దగ్గర నీరు కారకుండా పూసిన ఎర్రసీసం గోటితో గీకితే ఇంకా మెత్తగా వచ్చింది.

జేబులోంచి మున్సిపాలిటీ నీటి నిబంధనల పుస్తకం తీశాడు. పద్నాలుగో నిబంధన దగ్గర ముందే మడత పెట్టుకున్నాడు. పైకి చదివాడు.

"రంగునీళ్ళు, మందునీళ్ళు నిలవచేసే తొట్టి గల ప్రతి కనెక్షనుకూ మీటరు దాటగానే నాన్-రిటర్న్ వాల్వు ఉండి తీరాలి. నీళ్ళని లోపలికే పోనిచ్చి, తిరిగి మెయినులోకి రానివ్వని ఇత్తడి కవాటం. మీ కనెక్షనుకి ఆ వాల్వు ఏదండీ?"

"ఉండేదండి. అది ఉంటే నీళ్ళు సన్నగా వచ్చేవి. తొట్టి నిండడానికి పూట పట్టేది."

"ఎవరు తీశారు?"

"ఫిట్టరు."

"ఫిట్టరు తనంతట తాను తీయడు. ఎవరు తీయమన్నారు?"

నిత్యానందం నీళ్ళు నమిలాడు. "నాకు తెలియదండి. నేను అర్జీ పెట్టుకున్నాను. తర్వాత తీసేశారు."

వెంకట్రాజు మీటరు మీది మట్టి తుడిచి, అద్దానికి మొహం దగ్గరగా పెట్టి అంకెలు చదివాడు. ఒకసారి చదివి నమ్మలేక మళ్ళీ చదివాడు. ఆరు, ఒకటి, నాలుగు, ఒకటి, ఏడు. అరవై ఒక్క వేల నాలుగువందల పదిహేడు గ్యాలన్లు.

మెయిను మూసేముందూ తెరిచాకా పెద్ద కనెక్షన్ల మీటర్లు చూసి రాయాలని కూడా నిబంధనే. డైరీ నకలు తీశాడు. మూడో తేదీ ఉదయం అయిదింటికి ఇదే మీటరు: 61482. ఆరున్నరకి రాసిన అంకె కొట్టేసి, వేరే సిరాతో 61488 అని దిద్ది ఉందని నకలు రాసినవాడు పక్కన గుర్తు పెట్టాడు. ఆ ఉదయమే బిరడా పడింది కాబట్టి మీటరు ఆ తర్వాత కదల్లేదు.

కాగితం మీద ఆరు గ్యాలన్లు పెరిగింది. మీటరు మీద అరవై అయిదు తగ్గింది.

ఏ మీటరూ తనంతట తాను వెనక్కి తిరగదు, నీళ్ళు వెనక్కి పారితే తప్ప. మెయిను మూతపడి గొట్టంలో ఒత్తిడి లేనప్పుడు పల్లంలో పాపమ్మ కుళాయి తిప్పింది. మెరక మీదున్న తొట్టిలోని పాషాణపు నీళ్ళు, మునిగి ఉన్న రబ్బరు గొట్టం గుండా, అడ్డుకునే వాల్వు లేని గొట్టం గుండా, మీటరుని వెనక్కి తిప్పుకుంటూ సందులోకి దిగిపోయాయి. అరవై అయిదు గ్యాలన్లు, ఇరవై పైచిలుకు బిందెలు.

హంతకుడి కోసం ఎనిమిది రోజులు వెతికితే దొరికింది జానెడు గొట్టపు ముక్క.

"బాగున్నారాండీ, గురువుగారూ?"

గుమ్మంలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు ప్రసాదరావు నిలబడి ఉన్నాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. నరసాపురంలో వెంకట్రాజు చేతికింద పని నేర్చుకున్నవాడే. ఆ మర్యాద మాటలో మిగిలింది గాని కళ్ళలో లేదు. కళ్ళు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

"రా, ప్రసాదరావూ. సమయానికొచ్చావు. ఈ అంకె చదివి నీ పుస్తకంలో రాసుకో."

"నా కేసు చేపలదండీ, మీటర్లది కాదు."

"చేపలు తినని ఇల్లొకటుంది ఆ సందులో. ఆ ఇంట్లో కూడా పోయారు."

"ఇంట్లో తినకపోతే బయట తిన్నారేమో. మనుషులు చెప్పుకుంటారాండీ?"

"పాపమ్మ ఆవు కూడా చచ్చింది. అది కూడా చాటుగా కొరమేను పులుసు తిందంటావా?"

ఒక కానిస్టేబులు నవ్వబోయి ఆగాడు. ప్రసాదరావు మొహంలో కండ కదల్లేదు.

"ఆవు చచ్చినట్టు నా కేసు డైరీలో లేదండీ."

"ఇప్పుడు రాయి."

"ఇరవై రోజుల కిందట పూడ్చిన ఆవుని ఇప్పుడు రాయమంటారా? సరే, రాశాననుకోండి. రేపు ఊళ్ళో ఏమని చాటించమంటారు? మున్సిపాలిటీ కుళాయిలో పాషాణం వచ్చిందనా? మార్చి నెల. తమ్మిలేరులో ఇసక తప్ప ఏం లేదు. బావులన్నీ ఉప్పు. ఊరు ఊరంతా ఏం తాగాలండీ?"

"అందుకని?"

"ఊరికి నీళ్ళు కావాలండీ. ముత్యాలమ్మ ఒక్కతి."

ఆ మాట అన్నాక ప్రసాదరావు తానే చూపు తిప్పుకున్నాడు. వెంకట్రాజు లేచి నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది.

"నీకు తెలుసన్నమాట."

"నాకు ఏమీ తెలియదు. మీకు ఇక్కడ అధికారం లేదు. అది మాత్రం తెలుసు. దయచేసి బయటికి నడవండి."

"నడుస్తాను. ఈ మీటరు మీద చెయ్యి వేస్తే సాక్ష్యం మాయం చేసినట్టు. అది నేను నీకు నరసాపురంలోనే నేర్పాను."

మీటరుకి చేతిరుమాలు చుట్టి, ముడి మీద లక్క కరిగించి తన ఉంగరం ముద్ర వేశాడు. సాక్షి సంతకం పెట్టమంటే నిత్యానందం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ప్రసాదరావు పెట్టలేదు సరికదా కానిస్టేబుళ్ళని కూడా పెట్టనివ్వలేదు.

వీధిలోకొచ్చి, జట్కా బండి మీదే కాగితం పెట్టుకుని సోమరాజుకి ఉత్తరం రాశాడు. మీటరు అంకె, డైరీ అంకె, కొత్త గొట్టం ముక్క, అన్నీ రాశాడు. ఈ పూటే మేజిస్ట్రేటు చేత ఉత్తర్వు వేయించి మీటరుని కోర్టు స్వాధీనంలో పెట్టించండి, ఆలస్యమైతే దక్కదు, అని ముగించాడు. జట్కావాడు ఉత్తరం తీసుకుని వెళ్ళేసరికి పదకొండూ ఇరవై.

*

ఇమాం సాహెబు ఇల్లు పట్టుకోవడానికి గంట పైన పట్టింది. ఒంటిగది ఇల్లు. గదిలో సగం తివాచీ మగ్గమే. దాని ముందు కూర్చున్న అతని భార్య మహబూబ్ బీ, గుమ్మంలో కొత్త మనిషి నీడ పడగానే కొంగు సర్దుకుని లేచింది.

"ఆయన లేరండి. నాలుగో తారీఖు పొద్దున్న వెళ్ళారు. తాడేపల్లిగూడెంలో పనుంది, వారంలో వస్తానన్నారు. వారం చూసి నేనే వెళ్ళాను. మా అక్క వాళ్ళు అక్కడే ఉంటారు. ఊరంతా వెతికాం. ఆ ఊళ్ళో ఆయన రైలు దిగినట్టు చూసినవాళ్ళే లేరు."

"పంపింది ఎవరమ్మా?"

"ఆఫీసు వాళ్ళే అనుకున్నానండి. ఆఫీసుకెళ్తే మేం పంపలేదన్నారు."

"వెళ్ళేముందు ఏమైనా చెప్పాడా?"

మహబూబ్ బీ మగ్గం మీద వేలాడుతున్న దారం సర్దింది. "మూడో తారీఖు రాత్రి అన్నం ముట్టుకోలేదు. ఆ వాల్వు తీసిన చెయ్యి ఇదే అని కుడిచెయ్యి చూసుకుంటూ కూర్చున్నారు. మీటరు వెనక్కి తిరిగింది, రాశాను, కొట్టేయమన్నారు, కొట్టేశాను అన్నారు. నాకేం అర్థం కాలేదండి."

"ఎవరు కొట్టేయమన్నారు?"

"పేరు చెప్పలేదు. ఒక చీటీ ఇచ్చి దాచమన్నారు. ఇది పోతే నేను పోయినట్టే అన్నారు." ఆమె అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "ఇందాక పొద్దున్న వకీలుగారి గుమాస్తా కూడా వచ్చి అదే చీటీ అడిగాడు. నాకు తెలియదన్నాను. అతని కళ్ళు గదంతా తిరిగాయి. మీరు మాత్రం మా ఆయన సంగతి అడిగారు. అందుకని మీకిస్తాను."

వెంకట్రాజు కొద్దిగా తడబడ్డాడు. ఫిట్టరు ఇంటికి వెళ్తానని నిన్న సాయంత్రమే సోమరాజుకి రాశాడు. ఆయన ముందుగా గుమాస్తాని పంపాడంటే శ్రద్ధ ఎక్కువై పంపాడనుకోవాలి. కాని చీటీ ఒకటుందని తనకే తెలియదు. తాను రాయని సంగతి ఆయనకెలా తెలిసింది?

మహబూబ్ బీ మగ్గం పలక సందులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. ఆమెకి తెలుగు చదవడం రాదు. వెంకట్రాజు విప్పి చదివాడు.

"ఫిట్టరు ఇమాం సాహెబుకు. నిత్యానందంగారి గోడౌను కనెక్షనులోని నాన్-రిటర్న్ వాల్వును తీసి మామూలు గొట్టము వేయవలెను. పుస్తకములో వ్రాయనక్కరలేదు."

కింద సంతకం. దాని కింద, నీటిసరఫరా కమిటీ అధ్యక్షులు.

వెంకట్రాజు సంచీ తెరిచాడు. ఎనిమిది రోజులుగా తనకి వచ్చిన జవాబులన్నీ అందులో ఉన్నాయి. "శ్రమకు కృతజ్ఞతలు, ఇంకేమి తెలిసినా వెంటనే తెలియజేయగలరు" అనే ఉత్తరాలు. అన్నిటి కిందా అదే సంతకం. సోమరాజు.

గడప మీద కూర్చున్నాడు. పైసా రాని కేసుకి అంత పెద్ద వకీలు రైలెక్కి ఎందుకొచ్చాడో, డైరీ నకలు అడగ్గానే ఎందుకు తెచ్చిచ్చాడో, ఒక్కొక్కటే తెలిసొచ్చింది. సాక్ష్యం ఎక్కడెక్కడ మిగిలిందో సోమరాజుకి తెలియదు. దాన్ని కనిపెట్టగల మనిషి కావాలి. ఆ మనిషి తెలివైనవాడై ఉండాలి, నిజాయితీపరుడై ఉండాలి, దొరికింది దొరికినట్టు రోజూ తెచ్చి అప్పగించాలి.

పదకొండూ ఇరవైకి తాను పంపిన ఉత్తరం గుర్తొచ్చింది.

"మంచినీళ్ళు తెమ్మంటారాండీ?" అంటోంది మహబూబ్ బీ. అతను వినిపించుకోకుండా చీటీ లోపలి జేబులో పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

గోడౌను దగ్గర జట్కా దిగేసరికి రెండు కావస్తోంది. తలుపు బార్లా తీసి ఉంది. తొట్టి ఖాళీ. అడుగు కడిగి సున్నం కొట్టారు, ఇంకా తడారలేదు. రబ్బరు గొట్టం లేదు. మీటరు గుంట మూత ఎత్తి చూశాడు. కొత్త మీటరు. అయిదు సున్నాలు. దానికీ తుప్పు గొట్టానికీ మధ్య, పచ్చగా మెరుస్తూ ఇత్తడి నాన్-రిటర్న్ వాల్వు. గుంట అంచున ఎర్రగా నాలుగు లక్క పెంకులు రాలి ఉన్నాయి.

కాపలావాడు చెప్పాడు. "పన్నెండుంబావుకి మున్సిపాలిటీ వాళ్ళు అయిదుగురొచ్చారండి. వకీలుగారి గుమాస్తా దగ్గరుండి చేయించాడు."

*

కోర్టు మెట్లెక్కేటప్పటికి మూడూ పది. మేజిస్ట్రేటుగారి గది తలుపు అప్పుడే తెరుచుకుంది. ముందు సోమరాజు వచ్చాడు. తెల్లటి తలపాగా, చంకలో కాగితాల కట్ట. వెంకట్రాజుని చూసి ఆగి, చెయ్యి జోడించి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంలో ఎప్పటి మర్యాదే ఉంది.

"రండి, వెంకట్రాజుగారూ. మీ ఉత్తరం అందిందండీ. చాలా ఉపయోగపడింది."

"మీటరు ఏదండీ?"

"రిపేరుకి వెళ్ళింది. రిపేరు చేసేటప్పుడు అంకెలు సున్నాకి తిప్పాలండీ. నిబంధనల్లో ఉంది. ఆ పుస్తకం రాసింది నేనే."

"చీటీ నా దగ్గరుంది."

సోమరాజు కనురెప్ప ఒక్కసారి అదిరింది. అంతే. "దొరికిందా? ఉంచుకోండి. అనుమతి పుస్తకంలో రాయకుండా వాల్వు తీయించడం తప్పే. జరిమానా యాభై రూపాయలకు మించదు. కట్టేస్తానండీ."

"ఆరుగురు పోయారు."

"పోయారు. నేను చంపాలనుకోలేదు, ఎవరూ అనుకోలేదు. నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఒక షావుకారు అడిగాడు, సరేనన్నాను. దానికి నా పేరూ, ఈ ఊరి నీళ్ళూ, అన్నీ పోవాలంటారా? మీరు పెద్దవారు, ఆలోచించండి."

"ఇమాం సాహెబు ఎక్కడ?"

సోమరాజు మెట్ల కిందున్న తన బండి వైపు చూశాడు. చంకలోని కట్ట సర్దుకున్నాడు. "ముత్యాలమ్మ మేజిస్ట్రేటు ముందు ఒప్పేసుకుందండీ. ఆయన మూడుసార్లు అడిగారు, ఎవరైనా బెదిరించారా, ఆశపెట్టారా అని. లేదంది. నా నోటితో అన్నాను, నేనే చంపాను అని చెప్పింది. వేలిముద్ర వేసింది." మెట్లు దిగి తన బండెక్కాడు. తొందరపడలేదు.

వెంకట్రాజు వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పక్కకి ఎవరో వచ్చి నిలిచారు. ప్రసాదరావు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆవిడకి ఏం ఆశపెట్టారు?" వెంకట్రాజు అటు చూడకుండానే అడిగాడు.

"ఒప్పుకుంటే సూర్రావుని వదిలేస్తారని వకీలుగారు చెప్పారు."

"వదులుతావా?"

ప్రసాదరావు టోపీని రెండు చేతులా తిప్పాడు. మాట్లాడినప్పుడు అతని గొంతు నరసాపురంలో కొత్తగా చేరిన కుర్ర సబ్-ఇన్‌స్పెక్టరు గొంతులా ఉంది.

"తెల్లవారుజామున లాకప్పులో పోయాడండీ. మా వాళ్ళు ఇద్దరు... నేను ఆపమనేసరికే. గోడౌనుకి మీ దగ్గరికి వచ్చినప్పటికే పోయాడు. వకీలుగారికి తెలుసు. ఆవిడకి చెప్పలేదు."

వెంకట్రాజు చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో అతనికే తెలియదు. కొట్టడానికో, పట్టుకోవడానికో. గాలిలోనే ఆగి, మళ్ళీ దిగిపోయింది.

అప్పుడే గదిలోంచి ముత్యాలమ్మని తీసుకొచ్చారు. ఎడమ బొటనవేలు నల్లగా సిరా అంటుకుని ఉంది. దాన్ని కొంగుకి తుడుచుకుంటూ నడుస్తోంది. వెంకట్రాజుని చూడగానే మొహం విప్పారింది. ఈ ఎనిమిది రోజుల్లో ఆమె మొహం అలా ఉండగా అతను చూడలేదు. కానిస్టేబులు లాగుతున్నా ఆగి, రెండు చేతులూ జోడించింది.

"వాడిని వదిలేస్తున్నారండి, బాబుగారూ. మీరు తిరిగిన తిరుగుడు ఊరికే పోలేదు. వాడు బయటికి రాగానే ఒక్క మాట చెప్పండి. నా కోసం ఈ ఊళ్ళో ఆగొద్దని, మొదటి పడవకే లంకకి పొమ్మని చెప్పండి. చెప్తారాండీ?"

ప్రసాదరావు టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"చెప్తానమ్మా," అన్నాడు వెంకట్రాజు.